ఒక్క డోర్ నంబరు మీద నలభై ఒక్క మంది

ఇస్త్రీ చేసిన చొక్కాని హ్యాంగరుకి తగిలించి, ప్లాస్టిక్ కవరు తొడిగి ఇచ్చే దుకాణాలంటే ఆవిడకి మా చెడ్డ చిన్నచూపు. "ఏంది సారూ గది, చొక్కాని ఉరేసినట్టు?" అనేది. చొక్కా అన్నాక మడత పడాలి. ఆ మడత విప్పి తొడుక్కున్నప్పుడు ఛాతీ మీద నిలువుగా ఒకటి, అడ్డంగా రెండు గీతలు కనిపించాలి. అవి లేకుండా ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి చూస్తే ఆవిడకి జాలేసేది.

ఆవిడ పోయిన నెల చనిపోయింది. నాకు పది రోజుల తర్వాత తెలిసింది. మేం మెట్టుగూడ అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి కాప్రా వైపు వచ్చేసి చాలా ఏళ్ళయింది. అక్కడి పాత వాచ్‌మన్ వేరే ఏదో పని మీద ఫోన్ చేసి, మాటల మధ్యలో, "ఇస్త్రీ అమ్మ పోయింది సార్, మీకెవరన్న చెప్పిండ్రా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన చుట్టరికమేమీ లేదు కూడా. నా చొక్కాలు ఇస్త్రీ చేసేది, అంతే. అయినా ఫోన్ పెట్టేశాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. మా అమ్మానాన్నల తర్వాత నన్ను చెవి పట్టుకుని దారిలో పెట్టిన మనిషి ఆవిడొక్కతే.

మెట్టుగూడలో మా గేటు పక్కన కాంపౌండు గోడకి ఆనించి ఆవిడ బండి ఉండేది. మేం ఆ ఫ్లాట్‌లోకి వచ్చేనాటికే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. బండి ఎత్తు అందక, కింద ఇటుకలు రెండు వరసలు పేర్చుకుని వాటి మీద నిలబడి ఇస్త్రీ చేసేది. కిందికి దిగి మాట్లాడితే మామూలు కబుర్లన్నమాట. ఇటుకల మీద నుంచి మాట్లాడితే మాత్రం అది తీర్పే, దానికి అప్పీలు ఉండేది కాదు. పెట్టెలో నిప్పులు రాజుకున్నాక దాన్ని ఎత్తి చెంపకి జానెడు దూరంలో పట్టుకుని కళ్ళు మూసుకునేది. వేడి చాలిందో లేదో ఆవిడ చెంపకి తెలిసేది. ఎక్కువైతే, కోపగించిన మనిషిని చూసినట్టు పెట్టెని చూసి, కాసేపు పక్కన పెట్టేది.

మాకెవరికీ ఆవిడ దగ్గర పేర్లు లేవు, ఫ్లాటు నంబర్లే. నేను "త్రీ నాట్ టూ సారు"ని. నా భార్య "త్రీ నాట్ టూ అక్క". కానీ మా గురించి మా కంటే ఆవిడకే బాగా తెలుసు. ఎవరి నడుము పెరిగింది, ఎవరికి ఉద్యోగం మారింది, ఎవరు ఇంట్లో కూర్చున్నారు, అన్నీ బట్టల్లోంచి చదివేది. ఐడీ కార్డు తాడు ఒరిపిడికి కాలర్ దగ్గర రంగు పోయిన చొక్కాలు మా అపార్ట్‌మెంట్లో మొదలైంది ఆ రోజుల్లోనే. హైటెక్ సిటీకి తీసుకుపోయే కంపెనీ సుమోలు పొద్దున్నే గేటు ముందు బారులు తీరేవి. "గీ తాడు మెడకెందుకు సారూ? తప్పిపోతరనా?" అని అడిగింది నన్ను ఒకరోజు. నేను నవ్వేసి సుమో ఎక్కేశాను. దారంతా ఆ తాడు మెడకి గుచ్చుకుంటూనే ఉంది.

ఎన్నికలు వస్తున్నాయన్న సంగతి పేపర్ల కంటే ముందు ఆవిడకి తెలిసేది. "తెల్ల చొక్కాలు షురూ అయినయ్," అనేది. నిజమే, చుట్టుపక్కల చిన్నా పెద్దా నాయకులంతా ఉన్నట్టుండి తెల్లబట్టల్లోకి మారేవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూడని వాళ్ళ చొక్కాలు ఆవిడ బండి మీద ఒకదాని మీద ఒకటి సుఖంగా పడుకుని ఉండేవి. ఎవరికి ఓటేస్తావమ్మా అంటే చెప్పేది కాదు. "అందరి కాలర్లు నా చేతిలనే ఉన్నయ్. చెప్తే ఇస్త్రీ ఖరాబైతది," అనేది.

ఓట్ల విషయంలో ఆవిడకి సొంత సిద్ధాంతం ఒకటుండేది. "ఢిల్లీ ఓటు టీవీ కోసం. అసెంబ్లీ ఓటు పేపర్ కోసం. గల్లీ ఓటు నల్లా కోసం." ఆ మూడోదే అసలు ఓటని ఆవిడ లెక్క. ఆవిడ ఉండే బస్తీ మా అపార్ట్‌మెంట్ వెనకాల, రైల్వే గోడకీ మాకూ మధ్య ఇరుక్కుని ఉండేది. అక్కడ ఒక్క ఇంటికీ నల్లా లేదు. మెయిన్ రోడ్డు మొదట్లో ఉన్న వీధి నల్లా దగ్గర తెల్లవారుజామున లైన్లో నిలబడి, బిందెలూ క్యాన్లూ మోసుకుని రావాలి. మాకు బోరుంది, బోరు ఎండితే ట్యాంకరుంది, కరెంటు పోతే జనరేటరుంది. మా ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళు రావడానికి కార్పొరేటరుతో పని లేదు. అతని పేరు కూడా మాలో సగం మందికి తెలీదు. అవసరం ఉన్నవాళ్ళు వెళ్ళి ఓటేసేవాళ్ళు. అవసరం లేని మేం ఇంట్లో కూర్చుని, వేసినవాళ్ళ గురించి అభిప్రాయాలు చెప్పుకునేవాళ్ళం.

అలాంటి అభిప్రాయాల సభ ఒకటి మా టెర్రస్ మీద జరిగింది. అసోసియేషన్ సెక్రటరీ గారిది విజయవాడ వైపు. మందుల హోల్‌సేల్ వ్యాపారం. మనిషి మంచివాడే, కానీ మాట గట్టిది. "చదువుకున్నవాళ్ళం మనం పట్టించుకోకపోతే ఎట్లాగండీ? ఈ కార్పొరేటరు గెలిచేదంతా బస్తీ బోగస్ ఓట్లతోనండీ," అన్నారు. మునిసిపల్ ఎన్నికల ముందు ఓటర్ల జాబితా సవరిస్తున్నారనీ, అభ్యంతరాలుంటే రాసివ్వచ్చనీ చెప్పి, జిరాక్సు కాగితాల కట్ట ఒకటి పైకెత్తి చూపించారు. ఎవరు చూస్తారంటే అందరూ చంద్రుణ్ణి చూశారు. నేను చెయ్యెత్తాను.

ఎందుకెత్తానంటే, అది నా ఉద్యోగం. అమెరికాలో ఒక ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళ కస్టమర్ల అడ్రసులు శుభ్రం చెయ్యడం నా పని. ఒకే అడ్రసు మీద లెక్కకి మించి పేర్లు కనిపిస్తే ఆ వరసకి ఎర్రరంగు పూయాలి. ఎర్రరంగు పూసిన పేర్లు పోతాయి. అందులో నాకు మంచి పేరుంది, ఒకసారి గాజు మొమెంటో కూడా ఇచ్చారు. విజయనగరం పక్క నుంచి వచ్చి, సికింద్రాబాదులో సొంత ఫ్లాటు కొనుక్కుని, గాజు మొమెంటో సంపాదించుకున్న మనిషికి తనమీద తనకి ఎంత నమ్మకం ఉంటుందో అంతా ఉండేది నాకు.

రెండు ఆదివారాలు కూర్చుని ఆ పేర్లన్నీ టైపు చేశాను. డోర్ నంబర్ల వరసలో పేర్చాను. ఒక నంబరు దగ్గర ఒళ్ళు జిల్లుమంది. ఆ ఒక్క నంబరు మీద నలభై ఒక్క మంది ఓటర్లు! ఇంటిపేర్లు వేరు, కులాలు వేరు, మతాలు కూడా వేరు. ఇంతకంటే దొంగ అడ్రసు ఉంటుందా? ఎర్రరంగు పూసి, రంగుల ప్రింటు తీసి, సెక్రటరీ గారికి చూపించాను. ఆయన జీడిపప్పు పెట్టించి, "కంప్యూటర్ అంటే ఇదండీ!" అని నా వీపు తట్టారు. అసోసియేషన్ ముద్ర కొట్టి, మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి వచ్చాం. రంగుల ప్రింటుకి ఆ రోజుల్లో ఉన్న మర్యాదే వేరు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. నిజమో కాదో వెళ్ళి చూడలేదు. వాళ్ళ సంగతి సరే, నేనూ వెళ్ళి చూడలేదు. ఆ బస్తీ మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది.

పోలింగు రోజు మాకు సెలవు. సెలవు కదా అని వారం రోజుల చొక్కాలు పోగేసుకుని కిందికి దిగాను. బండి మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు కత్తితో కోసినట్టున్నాయి. ఏడాదికి మూడొందల అరవై రోజులు ఊరి బట్టలు ఇస్త్రీ చేసే మనిషి ఒంటి మీద ఇస్త్రీ చీర నేను చూడటం అదే మొదటిసారి.

"ఇయ్యాల బండి బంద్ సారూ. నా చీర ఒక్కటే చేసుకున్న. ఓటేసిండ్రా?"

"ఎవరు నిలబడ్డారో కూడా తెలీదమ్మా."

"నిలబడ్డోళ్ళ చొక్కాలు మీ చొక్కాల పక్కనే ఉండె, చూడలేదా?" అని నవ్వింది. ఓటరు చీటీలు పంచేవాళ్ళు ఈసారి తమ గల్లీకి రాలేదనీ, అక్కడే రాసిస్తారులే అనీ చెప్పి, బస్తీ ఆడవాళ్ళతో కలిసి వెళ్ళింది.

అప్పటికీ నాకు తట్టలేదు. చొక్కాలు పైన పడేసి, పేపరు పట్టుకుని కింద అరుగు మీద కూర్చున్నాను. గంట తర్వాత వాళ్ళంతా తిరిగొచ్చారు. అంతమంది వస్తున్నా మాట వినపడలేదు. ఆవిడ నా దగ్గర ఆగింది.

"పేరు లేదంట సారూ."

"ఎవరిదమ్మా?"

"ఎవ్వరిది లేదు. మా నంబరే లేదంట. మేం ఆడ ఉంటలేమంట." వేళ్ళతో చీర కొంగు అంచుని సాపు చేస్తూ అంది: "మరి ఏడ ఉంటున్నమో జెర చెప్పమనుండ్రి. పోయి ఆడనే ఉంటం."

నా చేతిలో పేపరు అలాగే ఉంది. ఆ నలభై ఒక్క పేర్లలో ఆవిడ పేరు కూడా ఉంది. రెండు ఆదివారాలు నా చేత్తో నేనే టైపు చేశాను. కానీ నాకు ఆవిడ పేరు తెలీదు కదా. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ చల్లారలేదు. అయినా నోరు విప్పలేదు. పేపరు మడిచి, ఏదో పని ఉన్నట్టు పైకి వెళ్ళిపోయాను.

మూడు నెలల తర్వాత నల్లా పైపులు వచ్చాయి. వచ్చి, ఆవిడ గల్లీ ముందు నుంచే పక్క గల్లీలోకి వెళ్ళిపోయాయి. పని చేయించేవాణ్ణి ఆవిడ అడిగితే, "ఓట్లున్న గల్లీకి ముందు పడ్తయ్ అమ్మా. మీ గల్లీ లిస్టుల లేదు," అన్నాడట. అతనేమీ దాచలేదు, ఉన్నమాట చెప్పాడు. ఆ వేసవి అంతా ఆవిడ రెండు చేతులా క్యాన్లు పట్టుకుని మా వంటింటి కిటికీ కిందనుంచే నడిచి వెళ్ళేది. నా భార్యకి అప్పటికి సంగతంతా చెప్పేశాను. "ఏటండీ ఇది, మన కుళాయి కింద చెయ్యి పెట్టాలంటే నాకు బుద్ధి పుట్టడం లేదు. ఆవిడికి చెప్పీండి. మీరు చెప్పకపోతే నేనే చెప్పీస్తాను," అంది.

నేను మగాడిలా వెళ్ళి చెప్పలేదు. చొక్కాలు పంపడం మానేశాను. ఎలక్ట్రిక్ ఇస్త్రీపెట్టె కొని, ఇంట్లోనే రుద్దుకుని, ఆవిడ కంటపడకుండా సుమో ఎక్కేవాణ్ణి. రెండు వారాలు గడిచాయి. ఒకరోజు ఆదరాబాదరాగా వెళ్తుంటే ఇటుకల మీద నుంచి కేక వినపడింది.

"త్రీ నాట్ టూ సారూ, జెర ఆగుండ్రి. ఎవరు చేసిండ్రు గా చొక్కా?"

"నేనే."

"తెలుస్తనే ఉంది. కాలర్ ముందు చేసి చేతులు తర్వాత చేసిండ్రు. చేతులు ముందు చెయ్యాలె." కాసేపు నా మొహం చూసింది. "నా మీద కోపమా? ఏమన్న కాలబెట్టిన్నా నేను?"

కాలబెట్టింది నేను. సుమో హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. ఒకే అడ్రసు మీద ఎక్కువ పేర్లుంటే తప్పని నా ఉద్యోగంలో నేర్పారనీ, అందుకే తీయించాననీ, మీరని తెలీదనీ. ఆవిడ పెట్టెని పక్కన పెట్టి ఇటుకల మీద నుంచి కిందికి దిగింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"గదంత ఒకప్పుడు రైల్వే కాంట్రాక్టర్ సామాన్లు పెట్టుకున్న జాగ సారూ. గేటు మీద ఒక్కటే నంబర్ ఉండె. ఆయన పోయిండు, గేటు పోయింది, మేమందరం గదులేసుకున్నం. నంబర్ అదే మిగిలింది. బడికైనా, రేషన్‌కైనా, అందరం గదే చెప్తం. మీకు ఇంటికొక నంబర్, కారు పెట్టే జాగకు సుత నంబర్. మాకందరికి కలిపి గదొక్కటే." బండి మీది దుప్పటి అంచు సర్దింది. "రేషన్ కార్డు మా ఇంటాయన పేరు మీదుండె, ఇప్పుడు కొడుకు పేరు మీదుంది. నా పేరు రాసున్న కాయితం గా ఓట్ల లిస్టొక్కటే సారూ."

నేను క్షమించమన్నాను. ఆ మాటని ఆవిడ పట్టించుకోలేదు. మళ్ళీ ఇటుకలెక్కింది.

"తీసినోళ్ళే పెట్టాలె. ఆదివారం ఇంట్ల ఉంటరా?"

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఆవిడ, వెనకాల మెట్ల నిండా మనుషులు. ముసలివాళ్ళు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు, డ్యూటీ యూనిఫాంలో ఉన్న సెక్యూరిటీ గార్డు ఒకడు. "ఓలమ్మా, ఇంతమంది వచ్చీసేరేటండీ!" అంటూనే నా భార్య పెద్ద గిన్నెతో టీ పెట్టింది. గోలకి సెక్రటరీ గారు పై అంతస్తు నుంచి దిగి వచ్చారు.

"ఏవండీ, ఎవరండీ వీళ్ళంతా?"

నేను నోరు తెరిచేలోగా ఆవిడే చెప్పింది. "బోగస్ ఓట్లు సార్. ఇన్ని దినాలు కాయితం మీద చూసిండ్రు. ఇయ్యాల మనుషులను చూస్కోండ్రి."

తర్వాత నావైపు తిరిగి తనే లెక్క అప్పజెప్పింది. "నలభై ఒక్కటిల ఇద్దరు చచ్చిపోయిండ్రు. ముగ్గురు ఉప్పల్ దిక్కు పోయిండ్రు. వాళ్ళ పేర్లు తీసిండ్రు, మంచిగ చేసిండ్రు, నేనేమనను. కడమ ముప్పై ఆరు మందిమి ఈడనే ఉన్నం." నేను రెండు ఆదివారాలు చేసిన పని అది. ఆవిడ దాన్ని మెట్ల మీద నిలబడి అర నిమిషంలో, తప్పు లేకుండా చేసేసింది.

ఫారాలు తెచ్చి ఉంచాను. ఒక్కొక్కరే వచ్చి కుర్చీలో కూర్చుని పేరూ, తండ్రి పేరో మొగుడి పేరో, వయసూ చెబుతుంటే రాశాను. వయసు దగ్గర ఆడవాళ్ళు తగ్గిస్తే వెనకాల నుంచి నవ్వులు. మధ్యలో ఆవిడ సెక్రటరీ గారిని అడిగింది. "సార్, మీ ముద్ర సుత కావాలె. తీసేటప్పుడు కొట్టిండ్రంట కదా." ఆయన నసిగారు. రేపు వీళ్ళు ఈ స్థలం మాదే అంటారనీ, మనకెందుకొచ్చిన గొడవనీ నాతో గొంతు తగ్గించి చెబుతుండగానే ఆయన చూపు మూడో మెట్టు మీద ఆగిపోయింది. అక్కడ నెరిసిన తల మనిషి ఒకాయన టీ గ్లాసు దాచుకుంటూ లేచి నిలబడ్డాడు. సెక్రటరీ గారి మందుల గోడౌన్‌లో పెట్టెలు మోసే మనిషి.

"నువ్వుండేది ఇక్కడా?" అన్నారు సెక్రటరీ గారు.

"ఇక్కడనే సార్. పద్నాలుగేండ్లాయె."

ఆయన పైకి వెళ్ళి ముద్ర తెచ్చారు. ముప్పై ఆరు ఫారాల మీదా తనే కూర్చుని కొట్టారు. ఆ పూట ఆయన మీద నాకు గౌరవం కలిగింది, ఆ మాట ఇక్కడ చెప్పుకోవాలి.

అంతా అయ్యాక ఆవిడ ఖాళీ గ్లాసులు పోగు చేస్తూ అడిగింది. "మరి మీ పేరు చూసుకున్నరా సారూ, లిస్టుల ఉందా?"

చూసుకోలేదు. ఆ జాబితాలో ప్రతి పేరూ టైపు చేసినవాణ్ణి, నా పేరు కనిపించలేదన్న సంగతి నాకు తోచనేలేదు. కంప్యూటరులో వెతికాను. లేదు. ఎక్కడుంటుంది? నా ఓటు మా ఊళ్ళోనే ఉంది, ఎప్పుడో చదువుకునే రోజుల్లో రాయించింది. ఇక్కడ ఇల్లు కొన్నాను, గ్యాసు కనెక్షను తీసుకున్నాను, ఈ ఊరి గురించి టెర్రస్ మీద ఉపన్యాసాలు చెప్పాను. ఓటు మాత్రం రాయించుకోలేదు. ఆవిడ గ్లాసులు కింద పెట్టేసి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "అగో చూడుండ్రి! మా అందరి ఓట్లు తీసేసినాయనకు ఓటే లేదంట!" మెట్లన్నీ నవ్వాయి. నా భార్య అందరికంటే ఎక్కువ నవ్వింది.

"ఇంకో ఫారం తీయుండ్రి," అంది ఆవిడ, నన్ను ఆ కుర్చీలోకి మార్పించి. నా పేరూ, మా నాన్న పేరూ, వయసూ, డోర్ నంబరూ అందరూ వినేలా నా చేత చెప్పించి, నా భార్య చేత రాయించింది. ముప్పై ఏడో ఫారం నాది, ముప్పై ఎనిమిదోది నా భార్యది.

తర్వాత ఆఫీసు చుట్టూ తిరిగాం. ఈసారి ఒక ఉద్యోగిని వెంటబెట్టుకుని బస్తీకి వెళ్ళాను. అతను ప్రతి తలుపు ముందూ నిలబడి, పాత నంబరుకి గీత పెట్టి పక్కన ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటూ పోయాడు. మొదటి నంబరు నాకంటే నాకని పోట్లాట వచ్చింది. ఆవిడ చివరి నంబరు తీసుకుని పోట్లాట ఆపింది. పేర్లన్నీ జాబితాలోకి ఎక్కాయి.

ఎక్కాయి గానీ మునిసిపల్ ఎన్నికలు రాలేదు. వాయిదా మీద వాయిదా వేసుకుంటూ ఏళ్ళు గడిపేశారు. ఆ ఏళ్ళలో ఆవిడ నన్ను వదల్లేదు. జాబితా సవరించిన ప్రతిసారీ కొత్త ప్రతి తెచ్చి బండి దగ్గర నిలబడి చదవాలి. నేను ఒక్కో పేరూ చదువుతుంటే ఆవిడ ఇస్త్రీ ఆపకుండా, చదివిన ప్రతి పేరుకీ తల ఊపేది. మధ్యలో ఎవరన్నా చొక్కాలు తెచ్చినా ఆగకూడదు. "చదువుండ్రి, చదువుండ్రి. ఆయన ఆగుతడు." ఒకసారి కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్ల పేరు లేదని తేలితే, ఆ సాయంత్రమే ఆ పిల్లని మా ఇంటికి పంపింది. నాకు గాజు మొమెంటో ఇచ్చిన మేనేజరు కూడా నా పనిని అంత శ్రద్ధగా తనిఖీ చెయ్యలేదు. ఆ ఏళ్ళలో ఆవిడ చెంప కింద చర్మం జారింది, ఇటుకల వరస రెండు నుంచి మూడయింది. క్యాన్లు మాత్రం తగ్గలేదు.

చివరికి ఒక చలికాలం ఆవిడ అంది, "తెల్ల చొక్కాలు షురూ అయినయ్."

ఈసారి తెల్ల చొక్కాలు బస్తీ లోపలికి వచ్చాయి. జాబితాలో ఆ గల్లీకి ఇప్పుడు ఇన్ని నంబర్లూ, ఇన్ని ఓట్లూ ఉన్నాయని వాళ్ళకీ తెలుసు. నల్లా వేయిస్తామని ఒకాయన చేతులు జోడిస్తే, ఆవిడ ఇటుకల మీద నుంచే, "ముందు పైపులు దించు కొడకా, తర్వాత చేతులు జోడిద్దువు," అంది. పది రోజుల్లో పైపులు దిగాయి. ఎన్నికల ప్రకటన రాకముందే తవ్వి పూడ్చేశారు. మా కిటికీలోంచి చూస్తూ నేనూ నా భార్యా చిన్నపిల్లల్లా సంబరపడ్డాం. ఆవిడ ఇంటి ముందు నల్లా బిగించిన రోజు బండి దగ్గరికి ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి, "తాగుండ్రి, మీ బోరు నీళ్ళ కన్న మంచిగున్నయ్," అంది. తాగాను. మంచిగానే ఉన్నాయి.

పోలింగు సర్కారు బడిలో. మగవాళ్ళది ఒక వరస, ఆడవాళ్ళది ఒక వరస, రెండూ ఒకే గదిలోకి వెళ్తాయి. మా అపార్ట్‌మెంట్ నుంచి పది మందికి పైగా వచ్చారు. సెక్రటరీ గారు నా వెనకే నిలబడి, గోడౌన్ మనిషితో ఏదో మాట్లాడుతున్నారు. అటు వరసలో ఆవిడ, అదే ఆకుపచ్చ చీర. రంగు వెలిసింది గానీ కుచ్చిళ్ళు మాత్రం అప్పటిలాగే ఉన్నాయి. నేనూ ఆవిడా దాదాపు ఒకేసారి గదిలోకి అడుగుపెట్టాం.

నా చీటీ చూసి బల్ల దగ్గర ఉద్యోగి నా నంబరూ పేరూ చదివాడు. పక్కనున్న ఏజెంట్లు టిక్కు పెట్టుకున్నారు. నలభై ఏళ్ళు దాటిన మనిషిని, ఈ ఊళ్ళో ఒకరు నా పేరు పైకి చదివితే, బళ్ళో హాజరు పలికినట్టు చెయ్యెత్తబోయాను. సిరా పెట్టించుకుని పక్కకి జరిగాను.

ఆవిడ వంతు వచ్చింది. ఉద్యోగి వేలు జాబితా మీద కిందికి జారుతోంది. ఆవిడ ఆ వేలినే చూస్తోంది. వేలు ఆగింది. అతను నంబరు చదివి, పేరు చదివాడు.

"ఏంది బాబూ? వినబడలే," అంది ఆవిడ.

ఆవిడ చెవులు ఎంత చురుకో నాకు తెలుసు. నీళ్ళ చుక్క పెట్టె మీద పడిన చప్పుడుని బట్టి కూడా వేడి చెప్పే మనిషి. ఉద్యోగి తలెత్తి చూశాడు. పెద్దావిడ కదా అనుకున్నాడేమో, ఈసారి గొంతు పెంచి, ఇంటిపేరుతో సహా పూర్తిగా చదివాడు. బయట వరండాలో వరసలో ఉన్నవాళ్ళు కూడా మాటలాపి లోపలికి చూశారు.

"ఆఁ, నేనే," అని వేలు చాపింది.